రెండు వేళ్ళ బ్రేకు

అన్నయ్య ఆ డబ్బా తెచ్చి అక్క ఒళ్ళో పెట్టిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. డబ్బా మీద మోటార్ సైకిల్ బొమ్మ. లోపల ప్లాస్టిక్ ముక్కలు, జిగురు, ఏ ముక్క ఎక్కడ అతికించాలో చెప్పే కాగితం. అసలు బండిలో పన్నెండో వంతు కొలత. సరిగ్గా అక్క బండి మోడలే, వెతికి మరీ తెచ్చాడు.

"ఇది అతికించుకుని అద్దాల బీరువాలో పెట్టుకో. షెడ్డులో ఉన్నదాన్ని నెలాఖరు ఆదివారం పాత ఇనుము అతను వచ్చి తీసుకుపోతాడు. మాట్లాడేశాను," అన్నాడు.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి దగ్గర బండి లాక్కుని చేతిలో బొమ్మ పెట్టడం అన్నమాట. పైగా తనే ఏదో త్యాగం చేసినట్టు మొహం.

అన్నయ్య చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. ఆరునెలల కిందట కారువాడెవడో వెనక నుంచి గుద్ది అక్క భుజం ఎముక విరిగినప్పుడు, ఆస్పత్రి వరండాలో పది రోజులు కాపలా కాసింది అతనే. ఆ పది రోజుల భయం ఇంకా దిగలేదు. కానీ భయం అతనిది, బండి అక్కది. తన భయం తగ్గడానికి అక్క బండిని అమ్మేస్తాననడం ఎక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు.

ఆ బండి సంగతి చెప్పాలి. అక్క కుడికాలు చిన్నప్పటి నుంచీ సన్నం, బలం లేదు. అలాంటి బళ్ళకి వెనక బ్రేకు కుడికాలి కిందే ఉంటుంది. మా నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆయన ఆ బ్రేకును కాలి దగ్గర నుంచి పీకేసి ఎడమ చేతికి ఇచ్చాడు. క్లచ్ లివర్ కింద ఇంకో చిన్న ఇత్తడి లివర్. పై రెండు వేళ్ళు క్లచ్‌కి, ఉంగరం వేలూ చిటికెన వేలూ బ్రేకుకి. ఆ రెండు వేళ్ళ మీద అక్క పంతొమ్మిదేళ్ళు ఊరంతా తిరిగింది.

మా ఇద్దరికీ ఒకే చోట పని, పళ్ళ ల్యాబులో. డాక్టర్లు తీసిన నోటి అచ్చులు మాకు వస్తాయి. వాటిని బట్టి నేను కట్టుడు పళ్ళూ, తొడుగులూ చేస్తాను. ఆ అచ్చులు తెచ్చేదీ, చేసిన పళ్ళు అందించి వచ్చేదీ అక్క. దెబ్బ తగిలాక ఆమెను ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. బండి ఉంటే నీ పని నీకే, లేకపోతే ఇక ఈ బల్లే అని యజమాని తేల్చి చెప్పేశాడు. డబ్బాలకు చీటీలు అంటిస్తూ అక్క బయట బండి చప్పుడు వినబడినప్పుడల్లా తలెత్తేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు.

బండికి పెద్దగా ఏమీ కాలేదు. వంగినవి సరిచేయించాం. పోయిందల్లా నాన్న చేసిన లివరే. కారు గుద్దినప్పుడు విరిగి, దాన్ని వెనక బ్రేకుకు కలిపే తీగతో సహా రోడ్డు మీద ఎక్కడో పడిపోయింది. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఆయన కాగితం మీద గీత గీసి పెట్టే రకం కాదు.

నాన్న స్నేహితుడు లేత్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ఇంటి ముందు గదిలో లోహం చెక్కే ఒక లేత్, ఒక స్టూలు, ఆయనా ఉంటారు. నాలుగో వస్తువుకు చోటు లేదు. లివర్ పొడవెంత, ఎక్కడ వంగుతుంది, క్లచ్‌కి ఎంత ఎడం అని ఒక్కొక్కటే అడిగాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

"నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు బాబాయ్. పట్టుకున్నానంతే."

బాబాయ్ చేతిలో సుద్దముక్క కింద పెట్టేశాడు. మాటల్ని లేత్ మీద ఎక్కించలేను, నమూనా తెండి అన్నాడు. ఇంకో చిక్కు కూడా చెప్పాడు. హ్యాండిల్ తిప్పినప్పుడు తీగ బిగిస్తే బ్రేకు దానంతటదే పడుతుంది, అలా పడితే మనిషి దక్కదు. మీ నాన్న ఆ తీగను ఎటు నుంచి తీసుకెళ్ళాడో తెలియకుండా చేసి నిన్ను రోడ్డు మీదకు పంపను అన్నాడు. మేం తలలు వేళ్ళాడేసుకుని ఇంటికొచ్చిన మర్నాడే అన్నయ్య డబ్బాతో దిగాడు.

నేనైతే దాన్ని చెత్తబుట్టలో పడేసేదాన్ని. అక్క మాత్రం నింపాదిగా మూత తీసి, ముక్కలన్నీ తిరగేసి, గోరంత ఉన్న కాలి బ్రేకు ముక్కను పుటుక్కున విరిచి కిటికీలోంచి పారేసింది.

"ఇది నా బండికి లేదు," అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నా బండికి ఉన్నది నువ్వు చెయ్యి. ఇంత చిన్నదానిలో పని చేసి చూపిస్తే, పెద్దదానిలో బాబాయ్ చేస్తాడు," అంది.

నెలాఖరు ఆదివారానికి ఇరవై నాలుగు రోజులున్నాయి. ల్యాబులో అందరూ భోజనానికి లేచిన గంటసేపూ నా బల్ల మీద పళ్ళు పక్కకి జరిగేవి, బండి ఎక్కేది. ప్లాస్టిక్ నొక్కితే విరుగుతుంది కాబట్టి లివర్ ఇత్తడిలోనే చెయ్యాలి. దానితో ఆగితే బాగుండేది కానీ, లోహం పక్కన ప్లాస్టిక్ చువ్వలు చూస్తే నాకు కంపరం పుట్టింది. చక్రాల చువ్వలన్నీ పీకేసి, వంకర పళ్ళను సరిచేసే తీగ ముక్కలతో మళ్ళీ అల్లాను. సైలెన్సర్‌ను మైనంతో చెక్కి, పంటి తొడుగులు పోతపోసే లోహంతోనే పోసి మెరుగు పెట్టాను. బ్రేకు తీగకు గొట్టంగా ఇంజెక్షన్ సూది ముక్కలు. ఇరవై రెండేళ్ళుగా ఎవరెవరి నోళ్ళలోనో దాక్కునే పనే చేశాను. మొదటిసారి పైకి కనబడే పని చేస్తున్నాను.

పదకొండో రోజున లివర్ బిగించి అక్కకు చూపించాను. అక్క బొమ్మను వెనక నుంచి, అంటే నడిపే మనిషి చూసినట్టు పట్టుకుంది. ఎడమ హ్యాండిల్ కింద గోటితో తడిమింది. చివరికి, "ఇది యాక్సిలరేటర్ వైపు కదే," అంది.

లివర్‌ను కుడివైపు బిగించాను. మా పనిలో ఎడమ అంటే నోరు తెరిచి మా ఎదురుగా కూర్చున్న మనిషికి ఎడమ, మాకు కుడిచేతి వైపు. ఆ అలవాటు వేళ్ళలో జీర్ణించుకుపోయింది. బొమ్మను సీటు వైపు నుంచి పట్టుకుని కూడా, ఎడమ అని అక్క చెప్పిన ప్రతిసారీ నా చెయ్యి కుడికే పోయింది. పదకొండు రోజుల పని బూడిదలో పోసిన పన్నీరు. నేను నన్నే తిట్టుకుంటుంటే అక్క నవ్వడం మొదలుపెట్టింది. దెబ్బ తగిలిన తర్వాత ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారి.

"బండికి పన్ను కట్టావు. బానే ఉంది, నమిలించు," అంది.

ఆ మాటతో నాకు బుర్ర వెలిగింది. డాక్టరు ఫోన్ చేసి పన్ను ఇలా ఉంటుంది, అలా ఉంటుంది అని వర్ణిస్తే నేను పన్ను చేస్తానా? ససేమిరా చెయ్యను. అచ్చు పంపమంటాను. మరి అక్కను ఇన్నాళ్ళూ మాటలు ఎందుకు అడుగుతున్నాను?

ఆ సాయంత్రం నోటి అచ్చు తీసే రబ్బరు ముద్ద కలిపి షెడ్డులోకి తీసుకెళ్ళాను. అక్కను బండి ఎక్కించి, ఎడమ హ్యాండిల్ కింద ముద్ద పెట్టి, కళ్ళు మూసుకోమన్నాను. ఎదురుగా లారీ వచ్చిందనుకో అన్నాను. అనుకోవడానికి ఆమెకు క్షణం పట్టలేదు. రెండు వేళ్ళూ గబుక్కున ముడుచుకున్నాయి. ముద్ద గట్టిపడేదాకా నాలుగు నిమిషాలు అలాగే ఉంది.

విప్పి వేళ్ళ గుంటలు చూస్తే, అక్కడ ఉండాల్సింది నేను ఊహించినదానికన్నా పొట్టి లివర్. చివర లోపలికి ఒక చిన్న వంపు. అక్క చిటికెన వేలు కాస్త వంకర, ఆ వంకరకు సరిపోయేలా నాన్న చివరను వంచాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ అచ్చు చేతిలో పట్టుకుని నేను భోరున ఏడ్చాను. అక్క ఏడవలేదు, పని చూడమంది.

అచ్చును కొలిచి, పన్నెండుతో భాగించి కొత్త లివర్ చేశాను. ఈసారి అక్క పక్కనే కూర్చుంది. తీగ మాత్రం మూడుసార్లు ఓడించింది. హ్యాండిల్ తిప్పగానే బ్రేకు పట్టేసేది. ఆఖరికి అక్కకు, వానలో హెడ్‌లైటు తుడిచేటప్పుడు తీగ ముంజేతికి తగిలేదని గుర్తొచ్చింది. అంటే నాన్న దాన్ని హెడ్‌లైటు కింద నుంచి, ముందు వైపుగా వదులుగా చుట్టి తెచ్చాడన్నమాట. అలా తెస్తే హ్యాండిల్ ఎటు తిప్పినా తీగ బిగియలేదు.

బొమ్మను తీసుకెళ్తే బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని, గోటితో హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకీ, కుడికీ తిప్పాడు. వెనక చక్రం గిర్రున తిప్పి, నా పట్టకారుతో లివర్ నొక్కాడు. చక్రం ఠక్కున ఆగింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ ఆగింది. అలా ఏడెనిమిది సార్లు ఆడుకున్నాడు. దీన్ని పెద్దది మీరే చేసుకోవచ్చుగా అని వేళాకోళం ఆడాడు. మా కొలిమిలో పంటికి మించింది పట్టదు బాబాయ్ అన్నాను.

"చేతి అచ్చు కూడా ఇచ్చి వెళ్ళండి. ఎప్పటికి కావాలి?"

"శనివారానికి," అంది అక్క.

శనివారం సాయంత్రానికి లివర్ బిగిసింది. కానీ ఆరునెలలు పడి ఉన్న బ్యాటరీ చచ్చింది, బండి స్టార్టవలేదు. ఆదివారం పొద్దున్నే అన్నయ్య పాత ఇనుము అతన్ని వెంటబెట్టుకుని షెడ్డు తలుపు తీశాడు. లోపల అక్క హెల్మెట్ పెట్టుకుని బండి మీద కూర్చుని ఉంది. పక్కన నేను, చేతిలో బొమ్మ.

అన్నయ్య దిగమన్నాడు. బతిమాలాడు. ఆస్పత్రి వరండా అంతా మళ్ళీ చెప్పాడు. అక్క పూర్తిగా వింది.

"నీ భయం నాకు తెలుసన్నయ్యా. అయినా దిగను. తోసి చూడండి. కదిలితే తీసుకుపోండి."

అన్నయ్యకు పంతం వచ్చింది. ఇద్దరూ వెనక్కి చేరి తోశారు. బండి కదల్లేదు. భుజాలు ఆనించి తోశారు. అంగుళం కదల్లేదు. అన్నయ్య రొప్పుతూ ముందుకొచ్చి అక్క కుడికాలి వైపు చూశాడు. కాలు ఊరికే వేలాడుతోంది. అప్పుడు ఎడమ చేతి వైపు చూశాడు. ఇత్తడి లివర్ మీద రెండు వేళ్ళు, తెల్లగా బిగుసుకుని ఉన్నాయి. అన్నయ్య మొహంలోంచి కోపం జారిపోయింది.

"నాన్నదా?" అన్నాడు మెల్లగా.

"నాన్నది పోయింది. ఇది నాది."

పాత ఇనుము అతను చేతులు దులుపుకుంటూ, ఇలా బ్రేకు పట్టే బండిని తను పాత ఇనుము అనలేనన్నాడు. నేను బొమ్మను అన్నయ్య చేతిలో పెట్టాను. ఇక దీన్ని నీ బీరువాలో పెట్టుకో, భయం వేసినప్పుడల్లా చూసుకోవచ్చు అన్నాను. కాస్త ఎక్కువే అన్నాను, అనాలనిపించింది. అతను బొమ్మలో ఆ లివర్‌ను గోటితో తాకి, జాగ్రత్తగా కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఎలాగూ తోయడానికి వచ్చారు కదా," అంది అక్క. "బ్యాటరీ షాపు దాకా తోయండి."

అన్నయ్య చొక్కా చేతులు పైకి మడిచి, వెనక్కి వెళ్ళి సీటు పట్టుకున్నాడు. అక్క రెండు వేళ్ళూ వదిలింది. బండి కదిలింది.