అసాయి తాగని కోడలు

మా అత్త ఒస్వల్దీనకి అసాయి లేనిదే ముద్ద దిగదు. ఈ అమెజాన్ దీవుల్లో ఏ ఇంట్లోనైనా అంతే. సన్నటి చెట్టెక్కి గెల కోసుకొచ్చి, నల్లటి పళ్లను యంత్రంలో వేసి చిక్కటి రసం తీస్తారు. అందులో కర్రపెండలం రవ్వ కలుపుకుని, వేయించిన చేపతో లాగిస్తారు. నేను పశువుల బీళ్ల వైపు నుంచి వచ్చినదాన్ని. మూడేళ్లు కాపురం చేసినా నాకది బురదనీళ్లలాగే ఉండేది.

"అసాయి తాగని కోడల్ని ఏరి కోరి నాకే ఇచ్చాడు దేవుడు!" అని అత్త పడవలో పోయేవాళ్లందరికీ వినిపించేది. "ఒరే ఎదివాన్, రేపట్నుంచి దీనికో గడ్డిమోపు తెచ్చి పడెయ్యరా."

మా ఆయన నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది గెలలు విరగకాశాయి. మా ఆయనా, మరిది జుసెలినో పొద్దుగూకేదాకా కోసి, గంపలు తెచ్చి వసారాలో దీపం కింద దించేవాళ్లు. ఆ వెలుతురుకి అడవిలో పురుగంతా వచ్చి గంపల మీద వాలేది. పళ్లను వేడినీళ్లలో ముంచి తీయమని ఆరోగ్య కార్యకర్త ఊరూరా తిరిగి చెప్పి వెళ్లాడు. అదే మాట నేనంటే అత్త మూతి తిప్పింది.

"వేడినీళ్లు తగిల్తే రుచి చస్తుంది. తాగనిదానివి, రుచి సంగతి నీకెందుకే?"

ముందు జుసెలినోకి జ్వరం వచ్చింది. తర్వాత మా ఆయనకి, ఆ వెనకే అత్తకి. ముఖాలు ఉబ్బిపోయి, ముగ్గురూ వల ఊయలల్లో పడి మూలుగుతుంటే చాకిరీ అంతా నాదే అయింది. ఆరోగ్య కార్యకర్త వచ్చి వేళ్లు పొడిచి నెత్తురు చూశాడు.

"మలేరియా కాదు. జ్వరం తగ్గకపోతే మాత్రం పట్నం ఆసుపత్రికి వెళ్లండి," అన్నాడు.

మొదటి మాట వినగానే అత్త శిలువ గుర్తు వేసుకుంది. రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

జ్వరం తగ్గలేదు. ఎదివాన్ రేవు దాకా నడిస్తే చాలు, రొప్పుతూ కూలబడేవాడు. ఛాతీ మీద చెయ్యి పెడితే, పట్టుకున్న కోడిపిల్లలో కొట్టుకున్నట్టు కొట్టుకునేది గుండె. నాకు భయం పట్టుకుంది. ఈ మనిషి నా కళ్లముందే పోతాడనిపించింది.

"అత్తా, పడవ తాళం ఇయ్యి. పట్నం పోదాం."

"ఇంటిల్లిపాదీ పడ్డాం, నువ్వొక్కదానివే గుండ్రాయిలా తిరుగుతున్నావు. నిప్పు లేందే పొగొస్తదా? ఏం కలిపావే మా తిండిలో?"

"కలిపితే నీ ఒక్కదానికే కలిపేదాన్ని. నా మొగుణ్ణి నేనే చంపుకుంటానా?"

"వదినా, మీరిద్దరూ రేపు పోట్లాడుకోండి," అని మూలిగాడు జుసెలినో. "తల పగిలిపోతోంది."

అత్త గుంజ పట్టుకుని లేచింది. ఒంట్లో జ్వరంతోనే, బలమొస్తుందని, ఆ పొద్దున కూడా రసం తీసింది. అందులోంచి ఒక గిన్నె నింపి నా ముందు పెట్టింది.

"మా గిన్నెలో మాతోపాటు తాగు. అప్పుడు నమ్ముతా. కడుపుతో ఉన్నావు, బిడ్డకీ బలమే."

"దానికి పడదే అమ్మా..." అన్నాడు ఎదివాన్. గొంతు పైకి రాలేదు.

తాళం అత్త మెడలో తాడుకి వేలాడుతోంది. లాక్కుందామంటే పడవ నడపడం నాకు రాదు. పొరుగువాళ్లు అత్త మాట లేనిదే తెడ్డు ముట్టరు. ముక్కు మూసుకుని గిన్నె అడుగు కనపడేదాకా తాగేశాను. అత్త నా మొహంలోకి చూసి, తాడు తీసి నా చేతిలో పెట్టింది. పొరుగాయన ఇంజను తిప్పాడు.

ఆసుపత్రిలో నెత్తురు అద్దం కింద పెట్టి చూసిన డాక్టరమ్మ, ఇది చాగస్ జబ్బని చెప్పింది. అసాయి పళ్లతో పాటు ఒక జాతి పురుగు నలిగి, దాని కడుపులోని క్రిమి రసంలో కలిసిందట.

"ఇంట్లో తాగనివాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

అందరూ నన్నే చూశారు.

"ఇదీ తాగింది," అంది అత్త తల వంచుకుని. "నేనే తాగించాను."

ముగ్గురికీ మాత్రలు మొదలుపెట్టారు. మెల్లగా ఎదివాన్‌కి ఊపిరి అందింది. గంజి తాగి, ఉప్పు తక్కువైందని నా మీద విసుక్కున్నాడు. ఆ విసుగు విని గోడ చాటుకి పోయి ఏడ్చాను. బతికాడు, అంతకంటే నాకేం కావాలి అనుకున్నాను. వాళ్లింకా మంచాల మీద ఉండగానే నాకు జ్వరం తగిలింది.

డాక్టరమ్మ నా నెత్తురు చూసి, మంచం పక్కన కూర్చుంది.

"నీకూ వచ్చింది, జెనీల్డా. కడుపుకి మూడు నెలలైనా నిండలేదు. ఈ మందు ఇస్తే బిడ్డకి ముప్పు. కాన్పయ్యాకే ఇస్తాం."

"ఇవ్వకపోతే?"

"క్రిమి బిడ్డకి సోకవచ్చు. సోకకపోనూ వచ్చు. కనిపెట్టుకుని ఉంటాం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అదీ నా బతుకు. ఆవిడ మీద అరుద్దామనుకున్నాను. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

మర్నాడు నర్సు మాత్రలు పంచుతూ వచ్చి నా మంచం దాటి వెళ్లిపోయింది. అత్త తన మాత్రని మింగలేదు. నర్సు వెళ్లేదాకా ఆగి, మంచం దిగి నా దగ్గరకొచ్చి, దాన్ని పళ్ల మధ్య పెట్టి రెండుగా కొరికింది. ఒక ముక్క నా నోటి దగ్గర పెట్టింది.

"మింగవే, నా తల్లీ. ఎవరికీ చెప్పను. మింగు."

నేను ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని, పళ్లు బిగబట్టి, మొహం గోడ వైపు తిప్పుకున్నాను.