సత్యవతమ్మ చూసొచ్చిన ఇల్లు

మధ్యాహ్నం భోజనమయ్యాక సత్యవతమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చుకుని కాళ్ళు కడుక్కుంటుంది. పాత తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, విజయకుమారి వాళ్ళ వరండాలో చాప పరుచుకుంటుంది. తన ఇల్లు పక్కదే అయినా, గోదావరి గాలి ఈ వరండాకే బాగా తగులుతుందని ఆవిడ నమ్మకం. ఆ వేళకి విజయకుమారి మెట్టకూరు అంగన్‌వాడీలో పిల్లల్ని ఇళ్ళకి పంపేసి వచ్చి అన్నం తింటూ ఉంటుంది. ఒకళ్ళ పనికి ఒకళ్ళు అడ్డం రారు.

ఎవరైనా ఫలానా ఇల్లు చూసి రమ్మని అడిగితే సత్యవతమ్మ ఆ నిద్రలో వెళ్ళి చూసొస్తుంది. మనిషి చాప మీద గురక పెడుతూనే ఉంటుంది. లేచేసరికి మాత్రం పాదాలకి ఆ ఇంటి మట్టి అంటుకుని ఉంటుంది. యానాంలో ఇల్లు కొనేవాళ్ళూ, అద్దెకి దిగేవాళ్ళూ, కూతురిని ఇవ్వబోయేవాళ్ళూ ముందు ఆవిడకి ఒక మాట చెప్పి, ఆ తర్వాతే అడ్వాన్సు సంగతి ఆలోచిస్తారు. కాకినాడలో ఒకావిడ తన వంటింట్లో ఈవిడని చూసి, "ఇల్లు చూడ్డానికి వచ్చారా, ఎండలో వచ్చారు" అని మజ్జిగ ఇచ్చింది. రామచంద్రపురంలో ఒక మేడ చూసి లేచినప్పుడు అరికాళ్ళు తడిగా ఉన్నాయి. "గోడలు చెమ్మ, మీకొద్దండి" అంది సత్యవతమ్మ. వాళ్ళు మానేశారు. ఇందుకు ఆవిడ డబ్బు పుచ్చుకోదు. అరటిపళ్ళు తెస్తే మాత్రం వద్దనదు.

విజయకుమారికి ఆవిడతో ఇలాంటి పని ఎప్పుడూ పడలేదు. ఉన్నది ఒక్కటే ఇల్లు, అది అత్తమామలు కట్టిందే. భర్త ప్రకాశరావు మస్కట్‌లో ఇరవై ఏళ్ళ పైన ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి, మూడేళ్ళ క్రితం తిరిగొచ్చాడు. రెండేళ్ళకోసారి వచ్చి, నెల తిరక్కుండా వెళ్ళిపోయిన మనిషి. ఇప్పుడు రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే ఆమెకి ఇంకా కొత్తగానే ఉంటుంది. మాట తక్కువ మనిషి. ఏదీ కావాలని అడగడు. కూర బాలేకపోయినా చెప్పడు.

అలాంటివాడు ఆ వేసవిలో ఒక కోరిక కోరాడు.

కాకినాడ నుంచి సాయిగణేష్ అనే కుర్రాడు వచ్చాడు. విదేశాల్లో ఇళ్ళు అమ్మిపెట్టడం అతని పని. సోఫాలో ముందుకు వంగి కూర్చుని ఫోనులో బొమ్మలు చూపించాడు. మస్కట్‌కి కాస్త దూరంలో సముద్రం ఒడ్డున వరసగా తెల్లటి మేడలు, ఈతకొలను, ఖర్జూర చెట్లు.

"సగం పైన కట్టేశారు ఆంటీ. ఏడాదిలో తాళాలు ఇచ్చేస్తారు. ఇప్పుడైతేనే ఈ రేటు."

"అక్కడ మనకెందుకు బాబూ ఇల్లు?" అంది విజయకుమారి.

"అద్దెకిచ్చుకోవచ్చు. మీరే వెళ్ళి ఉండొచ్చు. ఇల్లు కొంటే వీసా కూడా వస్తుంది ఆంటీ. కంపెనీ కిందా, వీసా పూచీ పడే కఫీల్ కిందా ఉండక్కర్లేదు. మన ఇల్లు, మన ఇష్టం."

ఆ మాట దగ్గర ప్రకాశరావు తలెత్తి ఆ కుర్రాడి వైపు చూశాడు. భర్త ముఖంలో అంత ఆశ విజయకుమారి ఎప్పుడూ చూడలేదు. పెళ్ళిలో కూడా చూడలేదు.

కొనాలంటే కనకాలపేటలో ఉన్న కొబ్బరితోట అమ్మాలి. అది ఆమెకి తండ్రి ఇచ్చింది. ఆమె సంతకం లేనిదే జరగదు. ప్రకాశరావు ఆ సంగతి ఒక్కసారే ఎత్తాడు.

"నీకిష్టమైతేనే విజయా. లేకపోతే లేదు."

ఆ తర్వాత మళ్ళీ అనలేదు. కానీ పొద్దున్నే సాయిగణేష్ ఇచ్చి వెళ్ళిన రంగుల కాగితం తీసి, మూడో అంతస్తు ప్లాను మీద వేలు పెట్టి, ఇక్కడ మంచం, ఇక్కడ స్విచ్చిబోర్డు అనుకుంటూ చాలాసేపు కూర్చునేవాడు.

విజయకుమారికి ఎటూ తేలలేదు. తోట పోతుందనే బెంగ లేకపోలేదు. దానికంటే పెద్ద కష్టం వేరే ఉంది. ఆ దేశం మీద ఆమెకి కోపం. తను వయసులో ఉన్న రోజులన్నీ ఆ దేశమే తినేసింది. జ్వరమొచ్చినా, పైకప్పు కురిసినా, అత్తగారు మంచాన పడినా తనొక్కతే. ఇప్పుడు ఉన్న ఆ కాస్త తోటా తీసుకెళ్ళి దాని చేతిలోనే పెట్టాలా? మళ్ళీ అనుకునేది, ఇన్నేళ్ళలో ఈయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, దీనికి కూడా కాదంటే తనేం మనిషని. ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని అడిగినా జవాబు రాలేదు. చివరికి సంతకం పెట్టేద్దామనే అనుకుంది. పెట్టేముందు ఒకసారి పక్కింటావిడకి చెప్పింది.

"పిన్నిగారూ, ఒక ఇల్లు చూసి రావాలండి. కాకపోతే సముద్రం అవతల."

సత్యవతమ్మ కాస్త ఆలోచించింది. నిద్రలో హైదరాబాదు దాటి ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడికి వెళ్ళొచ్చినందుకే రెండు రోజులు మోకాళ్ళు పట్టేశాయి.

"అడ్రసు చెప్పమ్మాయ్. వెళ్ళగలిగినంత వెళ్తాను."

ప్రకాశరావు కాగితం మీదున్నది చదివాడు. సత్యవతమ్మ రెండుసార్లు తనలో తను అనుకుని, పక్కకి తిరిగి పడుకుంది.

మామూలుగా టీ వేళకి లేస్తుంది. ఆరోజు దీపాలు పెట్టే వేళ దాటాక లేచింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పాదాలకి, పిక్కల దాకా బూడిదరంగు పొడి. విజయకుమారి ఇచ్చిన మంచినీళ్ళు గటగటా తాగింది.

"ఇంకా కట్టలేదమ్మాయ్. గోడలున్నాయి. కిటికీల్లేవు, తలుపుల్లేవు. మెట్లకి పట్టుకోడానికి కూడా ఏం లేదు. పనివాళ్ళు మానేసి చాలా కాలమైనట్టుంది, గమేళాల్లో సిమెంటు గట్టిపడిపోయింది. సముద్రం మాత్రం బాగా కనిపిస్తుంది."

ప్రకాశరావు గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

"మీరు చెప్పిన మూడో అంతస్తులో మనిషున్నాడు బాబూ."

"మనిషా?"

"మనవాడే. సత్తిబాబట. మన ఎదుర్లంక అవతల, మురమళ్ళ వాడు. తాపీపని. కంపెనీ వాళ్ళు పని ఆపేసి, జీతాలెగ్గొట్టి పోయారట. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. మిగతావాళ్ళు ఎటో చెదిరిపోయారు. ఇతనికి జ్వరం, లేవలేక ఉండిపోయాడు. వీసా అయిపోయిందట, కిందకి దిగితే పోలీసులు పట్టుకుంటారని భయం. ట్యాంకులో అడుగున మిగిలిన నీళ్ళు తాగుతున్నాడు. నన్ను చూసి అమ్మా అని ఏడ్చాడు. నా దగ్గరేం లేదు ఇవ్వడానికి."

"ఎక్కడ పడుకున్నాడండి?" అని అడిగాడు ప్రకాశరావు.

"మెట్ల పక్క గదిలో. సిమెంటు గోనెలు పరుచుకుని."

ప్రకాశరావు చెప్పులు వేసుకుని గోదావరి గట్టు వైపు వెళ్ళిపోయాడు. అతను తిరిగొచ్చేదాకా విజయకుమారి అన్నం తినకుండా కూర్చుంది. రాగానే ఫోను తీసి సెబాస్టియన్‌కి చేశాడు. సెబాస్టియన్‌ది యానామే, మస్కట్‌లో నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. ఆ మేడలు ఎక్కడో చెప్పి, వెళ్ళి చూడమన్నాడు.

మర్నాడు విజయకుమారి ఇడ్లీలు పొట్లం కట్టింది. జ్వరం బిళ్ళలు, నీళ్ళ సీసా, ఆవకాయ కలిపిన అన్నం, అన్నీ సత్యవతమ్మ కొంగున ముడివేసింది. ఒంటి మీద ఉన్నది ఏదైనా ఆవిడతో పాటు వెళ్తుంది. సాయంత్రం లేచేసరికి కొంగు ఖాళీగా ఉంది.

"తిన్నాడా?"

"కొంచెం తిన్నాడు. మిగతాది రేపటికని దాచుకోబోతే, రేపు మళ్ళీ వస్తాను తినరా అన్నాను."

అలా రోజూ వెళ్ళింది. మోకాళ్ళు వాచాయి. విజయకుమారి నూనె రాసేది. వేరే ఇళ్ళు చూడమని వచ్చినవాళ్ళకి, "పిన్నిగారికి ఇప్పుడు ఖాళీ లేదండి" అని చెప్పి పంపేసేది. సంగతి తెలిసి వాళ్ళే అరటిపళ్ళూ, బ్రెడ్డూ తెచ్చి ఆ కొంగున కట్టమని ఇచ్చి వెళ్ళేవారు.

సెబాస్టియన్ రెండుసార్లు వెళ్ళాడు. గేటుకి తాళం. లోపల ఎవరూ లేరని కాపలావాడు చెప్పాడు. కేకేసినా సత్తిబాబు పలకలేదు, ఎవరొచ్చారోనని భయపడి నక్కాడు. అప్పుడు ప్రకాశరావు సత్యవతమ్మ చాప పక్కన గొంతుక్కూర్చుని, నెమ్మదిగా చెప్పాడు.

"అతనికి ఈ మాట చెప్పండి పిన్నిగారూ. వెనకవైపు గోడ కాస్త కూలి ఉందట, అక్కడ నీళ్ళ ట్యాంకర్ ఆగుతుంది. యానాం సెబాస్టియన్ని అని పిలుస్తాడు. దిగి రమ్మనండి. పోలీసుల దగ్గరికి కాదు, ముందు ఆస్పత్రికి, ఆ తర్వాత ఎంబసీకి. పాస్‌పోర్టు లేకపోయినా ఔట్‌పాస్ కాగితం ఇస్తారు, ఇంటికొచ్చేయొచ్చు. భయపడొద్దని ప్రకాశరావు చెప్పాడనండి. ప్రకాశరావు కూడా అలాంటి చోట పడుకున్నవాడేనని చెప్పండి."

చివరి మాట విజయకుమారి విన్నది.

ఆరోజు సత్తిబాబు దిగాడు. మెట్లు దిగినంతసేపూ సత్యవతమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నాడట. కింద సెబాస్టియన్ అతన్ని ఎత్తి ట్యాంకర్‌లో కూర్చోబెట్టుకున్నాడు.

ఆ వారంలోనే సాయిగణేష్ కాగితాలతో వచ్చాడు. ప్రకాశరావు కుర్చీ చూపించి, జరిగిందంతా చెప్పాడు.

"పనులు జరుగుతున్నాయనే ఆఫీసులో చెప్పారంకుల్. మొన్న కూడా ఫోటోలు పంపారు."

"సత్యవతమ్మగారు చూసొచ్చారు బాబూ."

ఆ కుర్రాడు ఇక వాదించలేదు. యానాంలో వాళ్ళ పిన్ని అద్దెకి దిగిన ఇల్లు కూడా సత్యవతమ్మ చూసి చెప్పిందే. కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. "ఇంకో ఇద్దరి చేత కొనిపించబోతున్నానండి. వాళ్ళింకా డబ్బు కట్టలేదు. వెళ్ళి చెప్పాలి" అని లేచాడు. బండి తీసి, కాకినాడ వైపు కాకుండా ఊళ్ళోకే వెళ్ళాడు.

ప్రకాశరావు ఆ రంగుల కాగితాన్ని మడిచి, పొయ్యి వెలిగించడానికి ఉంచే పాత పేపర్ల మీద పెట్టాడు.

వానలు మొదలయ్యాక సత్తిబాబు వచ్చాడు. ప్రకాశరావే విశాఖపట్నం వెళ్ళి విమానాశ్రయం నుంచి తీసుకొచ్చాడు. భార్య యానాం బస్టాండుకి వచ్చి కాచుకుని ఉంది. ఇద్దరూ ముందు ఈ ఇంటికే వచ్చారు. సత్తిబాబు మనిషి సగమైపోయాడు. వరండాలో కూర్చున్న సత్యవతమ్మని చూసి దగ్గరికి వచ్చాడు.

"అక్కడ చాలా పొడుగ్గా కనిపించారండి" అన్నాడు.

"పడుకుని చూశావు కదరా, అందుకు" అంది సత్యవతమ్మ. అతని భార్య ఆవిడ చేతులు కళ్ళకద్దుకుంది. విజయకుమారి భోజనాలు పెట్టింది. తిన్నాక వాళ్ళు ఆటో ఎక్కి, వంతెన మీదుగా వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు.

ఇల్లు సద్దుమణిగింది. ప్రకాశరావు మంచం మీద కూర్చున్నాడు. విజయకుమారి ఎదురుగా పీట వేసుకుంది.

"ఎప్పుడండీ, మీరు అలాంటి చోట పడుకున్నది?"

"వెళ్ళిన మొదటి ఏడు. కంపెనీ మూసేశారు. నలుగురం ఒక మేడలో ఉండిపోయాం, తలుపుల్లేని మేడ. రాత్రయితే కుక్కలొచ్చేవి. వంతులేసుకుని మేలుకునేవాళ్ళం."

"నాకు బాగున్నానని రాశారు."

"ఏమని రాయను?"

విజయకుమారికి ఆ రోజులు గుర్తొచ్చాయి. అప్పుడూ సత్యవతమ్మ ఇదే వరండాలో, ఇలాగే పడుకునేది. ఊళ్ళోవాళ్ళ కోసం ఎక్కడెక్కడి ఇళ్ళకో వెళ్ళొచ్చేది. ఒక్క మాట తెలిసుంటే ఈయన దగ్గరికీ వెళ్ళేది.

"ఎవరూ రాలేదా మీ దగ్గరికి?"

"ఎవరొస్తారు విజయా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మరి అన్నీ పడి, మళ్ళీ అక్కడే ఇల్లు కావాలన్నారు."

ప్రకాశరావు తల దించుకున్నాడు. "ఆ దేశంలో ఎన్ని వందల ఇళ్ళకి లైట్లు పెట్టానో. ఒక్క తలుపు నాదై ఉండాలనిపించింది. లోపల్నుంచి గడియ వేసుకుని ఒక్కపూట నిద్రపోవాలని. అంతే. పిచ్చి ఆలోచన."

యానాంలో పగటిపూట ఎవరూ తలుపు వేసుకోరు. గాలి ఆగిపోతుంది, వచ్చేపోయేవాళ్ళు ఏమైనా అనుకుంటారు. విజయకుమారి లేచి వెళ్ళి వీధి తలుపు మూసింది. గడియ బిగించి, ఒకసారి లాగి చూసింది. దిండు సర్ది, "పడుకోండి, నేనిక్కడే ఉంటాను" అంది.

ఆయన ఆ గడియ వైపు కాసేపు చూసి, గోడకి తిరిగి కళ్ళు మూసుకున్నాడు. కొంచెంసేపటికి ఊపిరి బరువెక్కింది.

బయట ఎవరో సత్యవతమ్మ కోసం వచ్చినట్టున్నారు, ఆవిడ నిద్రలో ఉండడం చూసి, విజయగారూ అంటూ తలుపు తట్టారు. ఆమె పలకలేదు.