కరెంటు లేని నాలుగు నెలలు

"మీ కరెంటు బిల్లుల్లో నాలుగు నెలలవి లేవండీ," అంది కాలేజీ గుమాస్తా బెనవీడెస్, కాగితాలు రెండోసారి తిరగేస్తూ. "జూన్ నుంచి సెప్టెంబరు దాకా మీరు టెక్సాస్‌లో లేనట్టే కదా."

ఒఫీలియాకు గ్రీన్‌కార్డు ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నర్సింగులో సీటూ వచ్చింది. కానీ ఏడాదిగా ఈ రాష్ట్రంలోనే కాపురమున్నట్టు రుజువు చూపిస్తేనే స్థానికుల ఫీజు. లేదంటే మూడింతలు. అప్పుడిక చదువు ఊసే ఎత్తక్కర్లేదు.

"దోసకాయల కోతకి మిషిగన్ వెళ్తామండీ. అవ్వగానే వచ్చేస్తాం. ఏటా అంతే."

"వెళ్లడం తప్పు కాదు. తిరిగొచ్చే ఉద్దేశంతోనే వెళ్లారని రుజువు కావాలి. శుక్రవారంలోగా తెండి."

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఎర్మీనియా గుమ్మంలో కూర్చుని, కూరకి బ్రహ్మజెముడు రేకుల ముళ్లు గీకుతోంది. ఏటా బయల్దేరే ముందు కిటికీలకు చెక్కలు కొట్టించి, కరెంటు తీయించేది ఆవిడే. మనుషుల్లేని ఇంటికి దీపాలెందుకంటుంది.

"మీ పొదుపు నా కొంప ముంచింది అత్తయ్యా. కరెంటు బిల్లుల్లేక, మనం తిరిగొచ్చేవాళ్లమేనంటే కాలేజీ వాళ్లు రుజువడుగుతున్నారు."

"పొదుపు చేశాను కనకే ముంచడానికి ఈ కొంపైనా ఉంది."

కంచె అవతల బట్టలారేస్తున్న చెలో చెవిన ఈ మాటలు పడ్డాయి. ఒఫీలియా కూతురి జ్ఞానస్నానమప్పుడు తల్లిగా నిలిచింది ఆవిడే. తడిచేతులతోనే వచ్చేసింది.

"నన్నడగొచ్చు కదా వదినా! నాలుగు నెలలూ మీ కోళ్లని మేపింది ఎవరు?"

"కాలేజీకెళ్లి కోళ్ల మాట చెబితే నవ్వుతారు చెలో."

"నవ్వనీ. మళ్లీ రానివాళ్లు కోళ్లని కోసుకు తింటారు గానీ ఒకరికి అప్పగించి పోతారా?"

మర్నాడే ఇద్దరూ నోటరీ దగ్గరకెళ్లారు. చెలో ప్రమాణం చేసి చెబుతుంటే నోటరీ టైపు చేశాడు. "కోళ్ల పేర్లు అక్కర్లేదమ్మా," అన్నాడు మధ్యలో.

"పేర్లు లేకపోతే ఎవరి కోళ్లనుకుంటారు? రాయి నాయనా."

ఒఫీలియా వాళ్ల ట్రెయిలర్ ఇల్లు నిలిపిన స్థలం యజమాని కూడా పన్నెండు నెలలకూ అద్దె ముట్టిందని రాసిచ్చాడు.

శుక్రవారం బెనవీడెస్ మొదట స్థలం యజమాని ఉత్తరం చదివింది. తర్వాత చెలో ప్రమాణపత్రం చదువుతూ నవ్వు ఆపుకోలేకపోయింది.

"మా నాన్న మేకని అప్పగించేవాడు," అంది బెనవీడెస్ కళ్లు తుడుచుకుంటూ. "ఒహాయోలో టమాటాలకి పోయేవాళ్లం. మేకని మా పిన్ని దగ్గర కట్టేసి వెళ్లేవాళ్లం." తన పై అధికారి గదిలోకెళ్లి పావుగంటకి తిరిగొచ్చింది. దరఖాస్తు మీద ముద్ర పడింది. "స్థానికుల ఫీజే కట్టండి. ఆగస్టు ఇరవై ఐదున క్లాసులు."

ఆగస్టంటే కోత మాంచి ఊపు మీదుండే నెల. ఆ సంగతి బస్సెక్కాక గానీ ఒఫీలియాకు తట్టలేదు. ఇంటికొచ్చి అత్తగారికి ఆ ముద్ర చూపించి, ఈసారి కోతకి రాలేనన్న మాటా వెంటనే చెప్పేసింది.

ఎర్మీనియా కాగితాన్ని కళ్లకు దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"అయితే నువ్వుండు. నీ బదులు మా అబ్బాయితో నేను చేలోకి దిగుతాను," అంది. నాలుగేళ్లుగా ఆవిడ మిషిగన్‌లో వంటకే తప్ప చేలోకి దిగింది లేదు.

"మరి మీ మోకాళ్ల నొప్పులు?"

"దోసపాదు నేలమీదే కదే పాకేది, కూర్చునే కోస్తా. నర్సువయ్యాక మోకాళ్ల సంగతి నువ్వే చూద్దువు గానీ."