ఎడమచేతి సర్వీసు

హోటలు గదిలో మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆమె ఆరో టెన్నిస్ రాకెట్టుకి గ్రిప్పు చుడుతోంది. రాకెట్లు ఆమెవి కావు. వాళ్ళాయన శిక్షణ ఇస్తున్న పిల్లవి. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు, అరచేతికి చెమట ఎక్కువ, గ్రిప్పు ఒక్క మడత అటూ ఇటూ అయినా మొహం ముడుచుకుంటుంది. "నువ్వు చుట్టినట్టు ఇంకెవరూ చుట్టలేరు," అంటాడు ఆయన. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో ఇలాంటి పొగడ్తలు ఆమెకి గంపెడు దక్కాయి. ప్రతిదాని వెనకా ఏదో ఒక పని ఉండనే ఉంది.

ఆయన ఒకప్పుడు ఆమెకే కోచ్. అప్పట్లో "సార్" అని పిలిచేది. పెళ్ళయ్యాక ఆ ఒక్క మాటే పోయింది, మిగతాదంతా అలాగే ఉండిపోయింది. సింగిల్స్ నీ వల్ల కాదని తేల్చిందీ ఆయనే, డబుల్స్‌లోకి పంపిందీ ఆయనే. ఇప్పుడు ఎవరైనా అడిగితే "మా ఆవిడ డబుల్స్ ఆడుతుందిలెండి" అంటాడు. ఆ 'లెండి' బరువెంతో ఆమెకి తెలుసు. అత్తగారు ఫోన్ చేస్తే "వాడు వేళకి తింటున్నాడా? నువ్వెలాగూ అక్కడే ఉన్నావుగా, కాస్త చూసుకో" అంటుంది. కోడలు కూడా అదే టోర్నమెంటులో ఆడుతోందని ఆవిడకి తెలియక కాదు, గుర్తుండదు, అంతే. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక, ఇంత పెద్ద టోర్నమెంటులో మొదటిసారి డబుల్స్ సెమీఫైనల్ దాకా వచ్చింది. ఈ మధ్యాహ్నం గెలిస్తే రేపు ఫైనల్. మోకాళ్ళు చూస్తే ఇలాంటి అవకాశం మళ్ళీ వచ్చేలా లేదు. సంతోషపడాలనే అనుకుంటోంది. లోపల ఏదీ కదలడం లేదు. చాలాకాలంగా అంతే, నొప్పీ లేదు, సంబరమూ లేదు.

ఆమెది ఎడమచేతి వాటం. పిల్ల రేపు సింగిల్స్ సెమీఫైనల్‌లో ఆడబోయేది కూడా ఎడమచేతి వాటం ఆవిడతోనే. నిన్న సాయంత్రం ఆ సంగతి తేలగానే ఆయన ఫోన్‌లో వీడియో పెట్టి చూపించాడు.

"చూడు, బంతిని ఏడుసార్లు నేలకి కొడుతుంది. ముక్కు భుజానికి తుడుచుకుంటుంది. తక్కువ ఎత్తుకి ఎగరేసి పక్కకి కోసేస్తుంది. రేపు పొద్దున పిల్లకి అచ్చం ఇలాగే కొట్టి పెట్టాలి. ఎల్లుండి పొద్దున కూడా."

"రేపు నా మ్యాచ్ ఉంది కదండీ."

"డబుల్సే కదా. సగం కోర్టేగా నువ్వు చూసుకోవాల్సింది," అన్నాడు నవ్వుతూ. ఆయన ఎప్పుడూ కసురుకోడు. ఆ మంచితనమే ఆమెకి ఎదురు చెప్పే దారి లేకుండా చేసింది.

ఈ పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా రెండొందల సర్వీసులు కొట్టింది. బంతులు కూడా తనే ఏరింది. చివర్లో పిల్ల నీళ్ళు తాగుతూ "థాంక్స్ ఆంటీ" అంది. ఆయన పక్కనున్న వాళ్ళతో "ఎవరిలా కావాలంటే వాళ్ళలా కొడుతుంది మా ఆవిడ" అని మురిసిపోయాడు. ఆమె గదికొచ్చి గ్రిప్పులు చుట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం సెమీఫైనల్ కార్లు నిలిపే చోటు పక్కనున్న చివరి కోర్టులో. చూడటానికి నలభై మంది వచ్చారు, అందులో సగం మంది నీడ కోసం. ఆయన రాలేదు, పిల్లకి వీడియోలు చూపించాలి. ఆమె జోడీగా ఆడే అమ్మాయి బాగా పొడుగు, అందరూ నిచ్చెన అంటారు. మొదటి సెట్టు పోయింది. ఆమె సర్వీసు రెండుసార్లూ వలకి తగిలి పాయింటు ఊరికే పోవడం అప్పటికి ఆరోసారి. రెండో సెట్టులో మళ్ళీ అలాగే అయింది. నిచ్చెన దగ్గరికొచ్చి, అవతలి వాళ్ళకి పెదాలు కనబడకుండా బంతి అడ్డం పెట్టుకుంది.

"అక్కా, ఇది నీ సర్వీసు కాదు."

"మరెవరిది?"

"రేపు ఆ పిల్లతో ఆడబోయే ఆవిడది. పొద్దున మీ ప్రాక్టీసు చూశాలే. ముక్కు కూడా భుజానికే తుడుచుకుంటున్నావు."

ఆమె భుజం వంక చూసుకుంది. చొక్కా మీద తడి మరక ఉంది. మరి తన సర్వీసు ఎలా ఉండేది? బంతిని మూడుసార్లు కొట్టేదా, నాలుగుసార్లా? ఎంత ఎత్తుకి ఎగరేసేది? ఆరేళ్ళుగా ఎంతమందిలా కొట్టిందో లెక్కలేదు, వాళ్ళందరివీ చేతికి గుర్తున్నాయి. ఇంట్లో అందరి చెప్పుల సైజూ నోటికొచ్చి, దుకాణంలో తన సైజు అడిగితే తడుముకున్నట్టుంది. ఏడుపు రావాల్సిన చోటే అది. రాలేదు.

"నాది గుర్తు రావడం లేదే," అంది.

నిచ్చెన బంతిని ఆమె చేతిలో పెట్టింది. "సగం నీదీ, సగం ఆవిడదీ కలిపి కొడుతున్నావు, అందుకే వల దాటడం లేదు. పోనీ పూర్తిగా ఆవిడలాగే కొట్టెయ్. ముందు ఈ మ్యాచ్‌లోంచి బయటపడదాం, నీది తర్వాత వెతుక్కుందువు గాని."

ఆమె ఏడుసార్లు బంతిని నేలకి కొట్టింది. ముక్కు తుడుచుకుంది. పక్కకి కోసింది. బంతి గీత మీద పడి కోర్టు బయటికి జారిపోయింది, అవతలి అమ్మాయి కదలను కూడా లేదు. రెండో సెట్టు వీళ్ళకి వచ్చింది. మూడో సెట్టుకి బదులు ఆడించే పది పాయింట్ల టైబ్రేక్ కూడా పది ఏడుతో వీళ్ళకే వచ్చింది. నిచ్చెన ఆమెని ఎత్తి గిరగిరా తిప్పేసింది. ఆమె నవ్వింది, నవ్వాలి కాబట్టి. గెలిచింది ఎవరో ఆమెకి అంతుపట్టలేదు.

సంచీ సర్దుకుంటుంటే కంచె అవతల ఆయన కనిపించాడు. చివర్లో వచ్చినట్టున్నాడు, మొహం కళకళలాడుతోంది. ఒక్కసారి, చాలా ఏళ్ళ తర్వాత, ఆయన నోటి నుంచి ఏదో వినాలనిపించింది ఆమెకి.

"చూశాను. అచ్చు దిగిపోయింది ఆవిడ సర్వీసు. పొద్దున కూడా ఇంత బాగా రాలేదు," అన్నాడు. "రేపు ఎనిమిదింటికి పిల్లకి సరిగ్గా ఇదే కొట్టు. వెళ్ళి నీ గంట రాయించేసెయ్."

"పదకొండింటికి నా ఫైనల్."

"వార్మప్ అనుకోరాదూ."

ప్రాక్టీసు కోర్టులు కేటాయించేది మెట్ల కింద గదిలో. పోటీలో మిగిలి ఉన్న ప్రతి ఆటగత్తెకీ రోజుకొక గంట ఇస్తారు. పిల్ల గంటకి ఆమె గంట కలిపి వాడుకోవడం ఆయనకి అలవాటు. గదిలో కళ్ళజోడు ఆవిడ ఆమెని చూడగానే పెన్ను తీసి ఎనిమిది గంటల వరసలో ఆమె పేరు, పక్కన పిల్ల పేరు రాసేసింది.

"రెండో పేరు కొట్టేయండి," అంది ఆమె.

"మరి మీతో ఎవరు ఆడతారు?"

"ఎవరూ వద్దు. బుట్టెడు బంతులిప్పించండి, చాలు."

ఆవిడ పెన్ను పట్టుకుని ఆగిపోయింది. "మీవారు వచ్చి అడుగుతారు. ఏం చెప్పమంటారు?"

"నాకు ప్రాక్టీసుందని చెప్పండి," అంది.