గట్టువార చెట్లు

మునిలక్ష్మికి తోడికోడలు రూపశ్రీ అంటే పడదు. అందుకు రూపశ్రీ చేసిన పాపమేమీ లేదు. మామ పంచిచ్చిన నేల ఒకటే, తాగే బోరు నీళ్లూ ఒకటే, మధ్యలో ఉన్నది గట్టు. అయినా అటువైపు వేరుశెనగ కళకళలాడుతుంది. ఇటువైపు మునిలక్ష్మి మొగుడు గోవిందయ్య ఎంత చాకిరీ చేసినా పైరు ఈసురోమంటుంది. ఒకరు పచ్చగా ఉంటే ఓర్వలేని కడుపు, ఆమె మాత్రం ఏం చేస్తుంది? రోజూ మసక వెలుతురులోనే గట్టెక్కి, వాళ్ల చేలో ఒక చెట్టు పీకి, ఊడలకు కాయలెన్ని దిగాయో చూసుకుని కుమిలిపోయేది. పీకిన చెట్టును కాలవలో పారేసేది.

అలా పోయిన ఒకనాడు, రూపశ్రీ మొగుడు, తన మరిది ధనశేఖర్ గట్టు పొడవునా వడ్లు చల్లుతూ కనిపించాడు. పొద్దెక్కేసరికి నెమళ్లు చచ్చి పడున్నాయి. వడ్లకు గుళికల మందు పట్టించారని ఫారెస్టు వాళ్లు తేల్చారు. చల్లిందెవరో చూసినవాళ్లున్నారా అని అడిగితే, మునిలక్ష్మి ఆగలేక నేను చూశానంది. నెమళ్ల మీద జాలి లేదని కాదు, రూపశ్రీ తల దించుకుంటుందన్న సంబరం అంతకన్నా పెద్దది. ఇంటి గుట్టు వీధిన పెట్టొద్దని గోవిందయ్య బతిమాలినా వినలేదు.

రూపశ్రీ కోర్టుకు కూడా కొత్త చీర కట్టుకొచ్చింది. ధనశేఖర్ తరఫు లాయరు, ఈమెది వట్టి అసూయ, సాక్ష్యమంతా కల్పితం అన్నాడు. తెల్లారకముందే వాళ్ల గట్టు మీద నీకేం పనని నిలదీశాడు. గడ్డికి పోయానందామంటే మసకలో గడ్డెవరు కోస్తారు? ఆ ఒక్క అబద్ధం దొరికితే చూసిన నిజం కూడా కొట్టుకుపోతుంది. అంతలో రూపశ్రీ పెదవి చివర నవ్వు కనపడింది. దాంతో మునిలక్ష్మికి సిగ్గు ఎగిరిపోయింది.

"వాళ్ల చెనిక్కాయ చెట్టు పీకి కాయలు సూసుకునేదానికి పోయినాను సామీ. దినామూ పోతాను. నాకు కడుపుమంట ఉండాది, లేదన్ను. కానీ నా కడుపుమంటకు నెమిళ్లు సావవు. మందుకు సచ్చినాయి. ఆ మందు సల్లింది మా మరిది. నా కండ్లతో సూసినాను."

లాయరు కాగితాలు మడిచి కూర్చున్నాడు. రూపశ్రీ మొహంలో నవ్వు లేదు. ఇన్నేళ్లకు మునిలక్ష్మి కడుపు చల్లబడింది.

అప్పుడు ఎదుటి బోనులోంచి ధనశేఖర్ ఆమెనే చూస్తూ మెల్లగా అన్నాడు.

"గట్టువార చెట్లు పీకతా ఉండింది నువ్వా వదినా? నేను నెమిళ్లనుకుంటినే."

సాక్షి ఇక దిగొచ్చన్నారు.