తోకకప్పకు రావలసిన కాళ్లు

పదవీ విరమణ రోజు ఉదయం ప్రొఫెసర్ మందేశ్వరరావు ప్రయోగశాలలోకి వచ్చేసరికి, మూలనున్న సిమెంటు తొట్టిలో తోకకప్ప నీళ్ల మీద పేపరు పరుచుకుని చదువుకుంటోంది. దానికి ముప్పై రెండేళ్లు. దూడంత ఉంటుంది. కాళ్లు రాలేదు గనక ఇంకా కప్ప కాలేదు.

రాకపోవడానికి కారణం ఆయనే. అది గుడ్డులో ఉండగానే దాని గొంతులోంచి ఆవగింజలో అరవయ్యోవంతు గ్రంథిని తీసేశాడు. తన కనుబొమ వెంట్రుకనే గాజుకడ్డీకి అంటించి కత్తిగా వాడాడు. ఆ పని చేసేవాళ్లు అలాగే వాడతారు. ఆ గ్రంథిలో ఊరే హార్మోను లేకపోతే కాళ్లు రావని చూపించి డాక్టరేటు తెచ్చుకున్నాడు. చెడ్డవాడేం కాదు పాపం. ఇన్నేళ్లలో ఒక్కనాడు కూడా దాని నీళ్లు మార్చడం మరిచిపోలేదు.

అటెండరు పేరంటాలు ఉడకబెట్టిన పాలకూర తెచ్చి తొట్టిలో వేస్తుంది.

"అయిదింటికి తూము లాగేత్తారంటండి అయ్యగారూ. కొత్తోళ్లు ఇక్కడ కంప్యూటర్లు పెట్టుకుంటారంట. దీనికేమో మొప్పలే గానీ ఊపిరితిత్తుల్లేవు. నీళ్లు పోతే ఇదీ పోద్దండి, ఆయ్."

"మందు వేస్తాను. సాయంత్రానికి కప్పయిపోతుంది," అంటాడు మందేశ్వరరావు.

తోకకప్ప పేపరు మీంచి తలెత్తుతుంది. "సీసాలో మందు నాకు పడదు మాస్టారూ. నాది నాకిచ్చెయ్యండి."

ఆయన పాత నోటుపుస్తకం తీసి చూపిస్తాడు. 'గ్రంథి పారవేయబడినది' అని రాసుంది. కింద సంతకం.

"అబద్ధం. అక్షరాలు తల దించుకున్నాయి చూడండి," అంటుంది తోకకప్ప శాంతంగా.

అబద్ధమే. ఆ రోజుల్లో గాజుగొట్టంలోకి ద్రవాన్ని నోటితోనే పీల్చేవారు. పెదాల దాకా రాకుండా నాలుకతో ఆపడమే విద్య. ఆ ఒక్కరోజు మందేశ్వరరావు ఆపలేకపోయాడు. ద్రవంతో పాటు గ్రంథీ గొంతు దిగిపోయింది. ఉప్పగా ఉంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతే అన్నీ వచ్చాయి. లెక్చరరు రీడరయ్యాడు, రీడరు ప్రొఫెసరయ్యాడు. మీసం దట్టంగా పెరిగి హుందాగా నెరిసింది. వరండాలో నడిస్తే జనం లేచి నిలబడడం మొదలుపెట్టారు. అంతా తన కష్టమే అనుకున్నాడు. ఆ ఎదుగుదల ఎవరిదో ఇప్పుడు తెలిసి, గ్రంథి మింగేసిన సంగతి ఇద్దరికీ చెప్పేస్తాడు.

"సొమ్మొకడిదీ, సోకొకడిదీనండి," అంటుంది పేరంటాలు. అనేసి, పాపమనిపించి మంచినీళ్లిస్తుంది.

"ఇచ్చేస్తే నేనేమవుతాను?"

"నేనేమయ్యానో అదే. నాకు కనిపించేది ఎదుటి గోడ ఒక్కటే. దాని మీద మీ నీడ ఏటేటా పెరిగేది," అంటుంది తోకకప్ప.

మధ్యాహ్నమంతా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తాడు. సన్మాన సభకు రమ్మని రెండుసార్లు కబురొస్తుంది. చివరికి ఆయన లేకుండానే సభ జరిపేస్తారు. శాలువా ఒక్కటే మెట్లెక్కి వచ్చి ఆయన కుర్చీలో కూర్చుంటుంది.

నాలుగున్నరకు ఆయన గాజుగొట్టం నోట పెట్టుకుని, కొస నీళ్లలో ముంచి, పీల్చకుండా ఊదుతాడు. నాలుక మీదుగా ఉప్పటిదేదో జారి వెళ్లిపోతుంది. ఇన్నాళ్లు ఇవ్వనందుకు ఆయనకు ఏడుపొస్తుంది.

తోకకప్పకు మొదట వెనక కాళ్లు వస్తాయి. తర్వాత ఎడమ మోచెయ్యి చర్మాన్ని పొడుచుకుని బయటపడుతుంది. తోక లోపలికి ఇంకిపోతుంది. ఈ దశలో తోకకప్పలు ఏమీ తినవు, తోకే వాటి భోజనం. పేరంటాలు పాలకూర గిన్నె పక్కకు తీసేస్తుంది.

మందేశ్వరరావు మీసం నల్లబడి, పలచబడి, రాలిపోతుంది.

"కూర్చోండి అయ్యగారూ," అంటుంది పేరంటాలు. కాసేపటికి, "గోడ పట్టుకో బాబూ," అంటుంది. ఇంకాసేపటికి, "దా నాన్నా," అని రెండు చేతులతో ఎత్తి తొట్టిలో వదులుతుంది. కాళ్లు అప్పటికే లేవు.

కప్ప తొట్టి గట్టెక్కి మొదటి ఊపిరి తీస్తుంది. గదిలో కాగితాలన్నీ దానివైపు ఒరుగుతాయి.

"ఇంత గాలుందా!" అంటుంది. కిటికీలోంచి కాలవ వైపు దూకుతుంది. వెనక్కి తిరిగి చూడదు. చూడమని ఎవరూ అడగరు.

అయిదు కొడుతుంది. వరండాలో తూము లాగేవాళ్ల చెప్పుల చప్పుడు. పేరంటాలు కంగారు పడదు. తొట్టిలోని నీళ్లను రెండు కొసలు పట్టి ఎత్తి, ఒక్క దులుపు దులిపి, నాలుగు మడతలు వేసి చంకన పెట్టుకుంటుంది. మడతల మధ్య చిన్న తోక కొట్టుకుంటోంది. "నెమ్మది, మెట్లున్నాయి," అని దానికి చెబుతూ కిందికి దిగుతుంది.

"ఏంటమ్మా అది?" అంటాడు బస్సులో కండక్టరు.

"మా అయ్యగారండి. ఇంకా కాళ్లు రాలేదు."

"అయితే టిక్కెట్టక్కర్లేదు," అని పక్కకు జరిగి దారిస్తాడు.

పేరంటాలు కూర్చుని మడతను ఒళ్లో పెట్టుకుంటుంది. బస్సులో ప్రతి ఒళ్లోనూ అలాంటి నీళ్ల మడతే ఉంది. కొన్ని కదులుతున్నాయి. కదలని వాటి మీద జనం మెల్లగా చెయ్యి వేసి ఉంచారు.