పథ్యం చెడిందన్నారు

అత్తకు పథ్యం వండటం హసీనాకు రెండో ఉద్యోగం. మొదటిదానికి జీతమైనా ఇస్తారు. తెల్లవారకముందే లేచి కుల్సుంబీకి ఉప్పూ కారం లేని గంజి, పప్పుకట్టు. తక్కినవాళ్ళకు వేరే వంట. ఆపైన ఆదోని జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం. ఇప్పుడు ఆ మొదటిది పోయేలా ఉంది.

అత్త రొమ్ములో గడ్డకు కర్నూలులో సూదిమందు ఎక్కిస్తున్నారు. మొదట్లో గడ్డ కరిగింది. అప్పుడు బంధువులంతా కొడుకు సేవను మెచ్చుకున్నారు. ఎనభై ఎనిమిది వేసవిలో అది మళ్ళీ లేచింది, అదే మందుకు లొంగలేదు. అప్పుడు అందరికీ వంటిల్లు గుర్తొచ్చింది. ఎమ్మిగనూరు నుంచి దిగిన ఆడబిడ్డ మున్నీ బీ, ఈమె కాలేజీలో కప్పలు కోస్తుంటే ఇక్కడ అమ్మ పథ్యం ఎవరు చూశారని గడపలోనే అడిగింది. హసీనా భర్త దస్తగిరి గొంతు పెంచే మనిషి కాదు. ఆదివారం పొద్దున అన్నం కలుపుకుంటూ చెప్పాడు.

"కొత్త మందు మొదలుపెడతారంట. ఈసారన్నా ఇంట్లో ఉండి పథ్యం సరిగ్గా చూడు. రేపు పోయి రాజీనామా ఇచ్చిరా."

హసీనా మజ్జిగ పోసింది. ఏం చెప్పాలి? పెళ్ళికి ముందు అనంతపురంలో రెండేళ్ళు కణాల పొరల మీద పరిశోధన చేసింది. డాక్టరేటు వస్తే కూర రుచిగా వస్తుందా అని నవ్వి మాన్పించినవాడు ఇతనే. పోయిన నెల పేపర్లు దిద్దడానికి అక్కడికి పోయినప్పుడు లైబ్రరీలో కూర్చుని, కరిగిన గడ్డ మళ్ళీ లేచి మందుకు ఎందుకు లొంగదో చదివింది. గడ్డలోని కణం చుట్టూ కొవ్వు పొర. పత్తి నింపిన గోనె బోరెం మూతి కుట్టినట్టు, ఒక ప్రోటీన్ గొలుసు ఆ పొరలో అటూ ఇటూ పన్నెండుసార్లు దూరి మడతపడి ఉంటుంది. లోపలికి వచ్చిన మందు ఆ మడతల సందులో చిక్కుతుంది. పొర లోపలివైపు వేలాడే రెండు భాగాలు కణంలోని శక్తిని వాడుకుని దాన్ని బయటికి నెడతాయి. ఎంత మందు ఎక్కించినా అది తోడిపోస్తూనే ఉంటుంది. గొలుసులో ఒక్క కొక్కి మారినా, ఏ మందును ఎక్కువ తోయాలో మారిపోతుందట. అసలు భయం అది కాదు. ఆ సందు ఒక్క మందుకే అమరినది కాదు, ఒకదానికొకటి పోలికే లేని మందులను కూడా పడుతుంది. అంటే రేపటి కొత్త మందు కూడా... ఆ పైన ఆమె ఆలోచించలేకపోయింది.

ఈ మాట చెబితే అత్త ఆశ పోతుంది. చెప్పకపోతే ఉద్యోగం పోతుంది. అత్త పోయాక ఆ చావు కూడా తన వంటకే చుట్టుకుంటుంది. ఎటు తిరిగినా గోడే. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే కుల్సుంబీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేనే తింటి మేయ్. నువ్వు కాలేజీకి పోయినప్పుడు పక్కింటి హులిగెమ్మతో బొరుగుల ఉగ్గానీ, బజ్జీ తెప్పించుకొని తింటి. నోరు సచ్చిపోయింటే ఆపుకోలేకపోతి. నా సావు నేనే తెచ్చుకుంటి."

ఇన్నాళ్ళూ ఇది కడుపులో పెట్టుకుని కూతురు కోడలిని తిడుతుంటే వింటూ పడుకుంది! హసీనాకు కోపం వచ్చింది, అంతలోనే ఆ బక్క చెయ్యి చూసి జాలి వేసింది. ఇక ఆగలేకపోయింది. బజ్జీ వల్ల కాదు అత్తా అంటూ, ఆమె వేళ్ళలో తన వేళ్ళు దూర్చి మడతలెట్లా ఉంటాయో, సందెక్కడో, మందు ఎట్లా బయటపడుతుందో అంతా చెప్పింది.

కుల్సుంబీ కళ్ళార్పకుండా విన్నది. కొత్తదాన్ని కూడా తోసేస్తుందా అని అడిగింది. తోసేయొచ్చు అంది హసీనా.

కుల్సుంబీ వసారావైపు చూసి గొంతు తగ్గించింది.

"ఇది వానికి సెప్పొద్దు. పథ్యమే సెడిందనుకోనీ. మందే పనిసేయదని తెలిస్తే వాడు నన్ను కర్నూలుకు తీసకపోడు. నువ్వు ఉద్యోగం ఇడిసి ఇంట్లో ఉంటే నేను బతుకుతానని అనుకుంటాండాడు."

పదేళ్ళుగా ఈ ఇంట్లో అడిగినవన్నీ ఇచ్చింది హసీనా. ఇదీ అడుగుతున్నారు.

"కర్నూలుకు నేను తీసకపోతా అత్తా. ఆ తప్పు మాత్రం నేను మొయ్యను."

కుల్సుంబీ చెయ్యి వెనక్కి లాక్కుని గోడవైపు తిరిగింది. ఆమె వీపు వణకడం హసీనా చూసింది. చూసే లేచింది. వసారాలో కూర్చున్న దస్తగిరి దగ్గరికి పోయి నిలబడింది.

"మీయమ్మ బతకదేమో. అది నా వంట వల్ల కాదు. రేపు నేను కాలేజీకి పాఠం సెప్పేకి పోతాండా."